మంటను చూడొద్దు, అతుకును చూడండి

మిర్యాలగూడ,
మృగశిర కార్తె

ప్రియమైన పిల్లలకు,

బడులు తెరిచిన వారమే మా మనవరాలు ఒక ప్రశ్న మోసుకొచ్చింది. బడికి పోయే తొవ్వలో వెల్డింగ్ దుకాణం ఉంది. దుక్కులు మొదలుకాకముందే బాగు చేయించుకుందామని రైతులు కల్టివేటర్లు, కేజ్‌వీల్స్ తెచ్చి అక్కడ వరస పెట్టారు. "తాతా, వెల్డింగ్ చూస్తే కండ్లు పోతయంటరు. నేను పొద్దున చూసిన. నాకేం కాలే గదా!" అన్నది.

పొద్దున చూస్తే పొద్దున్నే తెలియదు బిడ్డా, అన్నాను. ఆ దెబ్బ నొప్పి రాత్రికి గాని రాదు. అందుకే మీకందరికీ ఈ ఉత్తరం.

మీ అమ్మమ్మ వాకిలి అలకడం చూశారా? మన నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది, దాని మీద పలుచటి పూత. దాన్ని అలికిన వాకిలి అనుకోండి. పచ్చిగా ఉన్నంతసేపు నున్నగా ఉంటుంది. రోహిణి ఎండ పడితే వెంటనే ఏమీ కాదు. పొద్దుగూకేసరికి పెచ్చులు లేచి, కింద మొరం తేలి కాలికి గుచ్చుతుంది. కంట్లోనూ అదే జరుగుతుంది. వెల్డింగ్ మంటలో కనిపించే వెలుగుతోపాటు కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. పేరు పెద్దది, మీ సైన్సు టీచరు చెబుతారు. అవి ఆ పూతను కాలుస్తాయి. ఆరు గంటలు గడిచాకో పన్నెండు గంటలు గడిచాకో అది పెచ్చులు లేచి, కిందున్న నరాల కొసలు బయటపడతాయి. ఇక రెప్ప వేసినప్పుడల్లా ఇసుక గీసినట్టే. నీళ్ళు కారతాయి, చిన్న దీపాన్ని కూడా చూడలేం.

ఆ తర్వాత జరిగేది తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. చుట్టూ మిగిలిన పూత మెల్లగా జరిగివచ్చి, ఒకటి రెండు రోజుల్లో ఆ చోటును కప్పేస్తుంది. వాకిలి తనను తానే అలుక్కుంటుందన్నమాట! అలుకు ఆరేదాకా కోళ్ళను రానివ్వం గదా, అట్లే ఆ రెండు రోజులు కన్ను నలపొద్దు. అయితే కంటి వెనక తెర కాలితే ఈ వాకిలి లెక్క కుదరదు. అది మళ్ళీ మొలవదు.

నా సంగతి చెప్తాను. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మా చెలకలు పొలాలైనాయి. కొన్నేండ్లకు ట్రాక్టర్లు, వాటి వెనకే రోడ్డు మీద ఒక వెల్డింగ్ దుకాణం వచ్చాయి. నాకు పదేండ్లుంటాయి. ఒకనాడు పొద్దంతా అక్కడే కూర్చొని ఆ నీలి వెలుగును కళ్ళార్పకుండా చూశాను. నడిరాత్రి లేచి ఏడుపు. మా నాయనమ్మ పక్కింటి బాలింతతో నా కండ్లల్లో చనుబాలు పిండించింది. ప్రేమతో చేసిన పనే. కానీ మీరు అట్లా చేయనియ్యకండి. ఆలుగడ్డ రసమూ వద్దు. పెచ్చు లేచిన కంట్లో ఏది పోసినా చీము పట్టవచ్చు. కన్ను మొద్దుబార్చే చుక్కలు దుకాణంలో కొనుక్కొచ్చి పోసుకోవడం ఇంకా చెడ్డది. నొప్పి తెలియదు గాని పూత మానదు. చల్లటి తడిబట్ట మూసిన కండ్ల మీద వేసుకొని, చీకటి గదిలో పడుకొని, తెల్లారగానే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

మూడో నాడు ఆ దుకాణం ముందుకు పోయి చూస్తే హెల్పరు పిల్లవాడు కనిపించాడు. నాకంటే రెండేండ్లు పెద్ద. నా కండ్లెంత ఎర్రగా అయ్యాయో అతని కండ్లూ అంతే. మేస్త్రి చేతిలో నల్ల అద్దం షీల్డు ఉంది. పిల్లవాడు ఇనుప యాంగిల్ పట్టుకొని, తల పక్కకు తిప్పి, రెప్పలు బిగించుకునేవాడు. పక్కకు తిరిగినంత మాత్రాన తప్పించుకోలేం. వెలుగు పక్క నుంచి వస్తుంది, సున్నం గోడ మీద పడి తిరిగొస్తుంది. నాకు ఒక్కనాటి బాధ, అతనికి రోజూ. ఆ ముఖం నన్నిప్పటికీ విడవలేదు.

రాడ్డు పట్టినవాడికే కాదు, ఇనుము పట్టినవాడికీ అద్దం కావాలి. అద్దం ఎంత నల్లనిదో చెప్పే నంబరు దాని మీద ఉంటుంది: కరెంటు వెల్డింగుకు 10 నుంచి 13 దాకా, గ్యాస్ పనికి 5 దరిదాపుల్లో. కూలింగ్ గ్లాసులు ఎందుకూ పనికిరావు. మంట వెలగగానే, రెప్ప వాలేలోపే, తానే నల్లబడే అద్దాలు కూడా ఇప్పుడు వచ్చాయి. మంట ఆరాక సుత్తెతో చిప్పింగ్ చేసేటప్పుడు, అంటే అతుకు మీది పెళ్ళలు కొట్టి రాల్చేటప్పుడు, అవి వేడివేడిగా ఎగిరిపడతాయి, అప్పుడు తెల్ల కళ్ళద్దాలుండాలి. రోడ్డుకూ దుకాణానికీ నడుమ ఒక మందపాటి పరదా కడితే మీలాంటి పిల్లలకూ రక్షణ. మీ నాయనతో పోయినప్పుడు, మంట లేని సమయం చూసి, "అన్నా, నీకు అద్దం లేదా?" అని ఆ హెల్పరును అడగండి. మేస్త్రి వినేటట్టు అడగండి.

ఇంకొక పని. రేపు మీ బడి గేటు దగ్గర ఆగండి. కమ్ములు కలిసిన చోట రంగు కింద ఉబ్బెత్తుగా ఒక గీత ఉంటుంది. మెల్లగా వేలితో తడమండి. మంచి చేయి పడిన అతుకైతే సన్నటి మడతలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. 1,500 డిగ్రీల దగ్గర గాని కరగని ఇనుము అక్కడ నీళ్ళలా కారి, ఒక మనిషి చేయి ఎట్లా కదిలితే అట్లా గట్టిపడింది. ఎన్ని పొలుసులున్నాయో లెక్కబెట్టి నాకు రాయండి.

మీ తాత