లియొనార్డో గీసిన గుండె

లియొనార్డో డావిన్సీ పేరు వినగానే మోనాలిసా గుర్తొస్తుంది. ఆ మనిషి బుర్ర ఎలా పనిచేసేదో తెలియాలంటే మాత్రం ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో భద్రపరిచిన ఆయన శరీర నిర్మాణ చిత్రాలు చూడాలి. ముఖ్యంగా గుండె బొమ్మలు.

1507-08 చలికాలంలో ఫ్లోరెన్స్‌లోని శాంటా మరియా నువోవా ఆసుపత్రిలో ఒక ముసలాయన ఆయనతో మాట్లాడాడు. తనకు నూరేళ్లు దాటాయని, నీరసం తప్ప ఇంకే బాధా లేదని చెప్పాడు. కొన్ని గంటలకే మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అంత సుఖంగా ప్రాణం ఎలా పోయిందో చూద్దామని లియొనార్డో ఆ శరీరాన్ని కోసి పరీక్షించాడు. గుండెకు రక్తం అందించే నాళం ఎండిపోయి, ముడుచుకుపోయి ఉంది. రెండేళ్ల బిడ్డ శరీరాన్ని కోసినప్పుడు ఇందుకు పూర్తి విరుద్ధంగా కనిపించిందని రాసుకున్నాడు. ఈరోజు ఎంతోమందిని గుండెపోటుకు గురిచేస్తున్న నాళాల జబ్బు గురించి దొరికిన తొలి వర్ణనల్లో ఇదొకటి.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది కవాటం సంగతి. గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, బృహద్ధమని, బయల్దేరే చోట రక్తం వెనక్కి రాకుండా ఆపే మూడు రెక్కల కవాటం ఉంటుంది. రెక్కల వెనక ధమని గోడ మూడుచోట్ల ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులు ఎందుకు? ఏళ్ల తరబడి నదుల్లో సుడులు గమనించి గీసిన మనిషికి జవాబు అక్కడే తట్టింది. దూసుకొచ్చిన రక్తంలో కొంత ఆ ఉబ్బుల్లోకి మళ్లి, సుడులు తిరిగి, రెక్కల్ని మూసుకునేలా చేస్తుందన్నాడు. ఎద్దు గుండెలో కరిగిన మైనం పోసి అచ్చు తీయడం, దాంతో గాజు నమూనా చేయడం, అందులో గడ్డి గింజలు కలిపిన నీళ్లు పారించి సుడుల్ని చూడటం, అన్నీ నోట్సులో ఉన్నాయి. 1960ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రయోగశాలలో ఆ సుడుల్ని చూశారు. ఆ తర్వాత ఎమ్మారై స్కానింగులో బతికున్న మనుషుల గుండెల్లోనూ అవి కనిపించాయి.

రక్తం ఒంట్లో చుట్టూ తిరిగి మళ్లీ గుండెకే చేరుతుందన్న విషయం మాత్రం ఆయనకు చిక్కలేదు. అది 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ చెప్పాడు. లియొనార్డో తన కాగితాలు అచ్చు వేయించకుండానే 1519లో చనిపోయాడు. అవి శిష్యుడు ఫ్రాంచెస్కో మెల్జీకి చేరాయి, వైద్యులకు చేరలేదు. ఆ మూడు ఉబ్బులకు తర్వాతి కాలపు ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరు స్థిరపడింది. ఇప్పుడు బృహద్ధమని మొదలయ్యే భాగం పాడైనవాళ్లకు కృత్రిమ గొట్టం అమర్చేటప్పుడు కొందరు సర్జన్లు ఉబ్బులున్న గొట్టాన్నే వాడుతున్నారు, ఆ సుడులు పోకూడదని.