గ్రాఫిక్స్ చిప్ పుకార్లు: కాగితం మీద నిలబడేవెన్ని?

కొత్త తరం గ్రాఫిక్స్ కార్డులు రావడానికి ఏడాది ముందే అంకెలు తిరగడం మొదలవుతుంది. ఇన్ని వేల కోర్లట, ఇంత మెమరీ అట, ఫలానా నానోమీటర్లట, పాతదానికి రెట్టింపు వేగమట. ఎవరు చెప్పారో తెలియకపోయినా వీటిలో చాలావాటిని తూచి చూడొచ్చు. చిప్ తయారీకి కొన్ని హద్దులున్నాయి. ఎంత పెద్ద కంపెనీ అయినా వాటికి లోబడాల్సిందే.

మొదటిది రెటికిల్ హద్దు. సిలికాన్ మీద సర్క్యూట్ నమూనాను కాంతితో ముద్రించే యంత్రం ఒక్క విడతలో 26 మిల్లీమీటర్ల వెడల్పు, 33 మిల్లీమీటర్ల పొడవు మేరకే ముద్రించగలదు. అది 858 చదరపు మిల్లీమీటర్లు. కాబట్టి ఒకే డై (సిలికాన్ నుంచి కోసి తీసే ఒక్క చిప్ ముక్క) వెయ్యి చదరపు మిల్లీమీటర్లు ఉంటుందని ఎవరైనా రాస్తే అక్కడే ఆగిపోవచ్చు. ఎన్విడియా తన డేటా సెంటర్ చిప్ బి200 కోసం ఈ హద్దును తాకే రెండు డైలను పక్కపక్కనే పేర్చి, సెకనుకు 10 టెరాబైట్ల లింకుతో కలిపింది అందుకే. ఆర్‌టీఎక్స్ 5090 గేమింగ్ కార్డులోని జీబీ202 చిప్ ఒకే డై, దాదాపు 750 చదరపు మిల్లీమీటర్లు. ఇక పెరగడానికి మిగిలింది కొంచెమే. పైగా కొత్తగా వస్తున్న, మరింత సన్నటి గీతలు ముద్రించే హై-ఎన్‌ఏ ఈయూవీ యంత్రాల్లో ముద్రించే మేర సగానికి, అంటే 429 చదరపు మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఆ యంత్రంతో ఇంతకంటే పెద్ద డై వస్తుందని చెప్పేవారు ముందు రెండు ముద్రల్ని అతుకు తెలియకుండా ఎలా కలుపుతారో కూడా చెప్పాలి.

హద్దుకు చాలా ముందే ఖర్చు అడ్డుపడుతుంది. డైలను కోసి తీసే గుండ్రటి సిలికాన్ పళ్లెం పేరు వేఫర్, దాని వ్యాసం 300 మిల్లీమీటర్లు. 600 చదరపు మిల్లీమీటర్ల డైలు అందులో 117 పట్టాలని వైశాల్యం లెక్క చెబుతుంది. గుండ్రటి అంచు దగ్గర సగంలో తెగిపోయేవి తీసేస్తే దక్కేవి 90. చదరపు సెంటీమీటరుకు 0.1 లోపం ఉందనుకుందాం. వైశాల్యాన్ని లోపాల సాంద్రతతో గుణించి, ఆ అంకెను ఎక్స్‌పొనెన్షియల్ సూత్రంలో వేస్తే మచ్చలేని డైలు 55 శాతం, అంటే దాదాపు 50. అదే డై 300 చదరపు మిల్లీమీటర్లయితే వేఫర్‌కు 197 వస్తాయి, 74 శాతం బాగుంటాయి, చేతికి 146 అందుతాయి. సైజు సగమైతే మంచి చిప్పులు రెట్టింపు కాదు, మూడు రెట్లకు దగ్గరగా పెరిగాయి! చిప్పును ముక్కలు చేస్తున్నారన్న పుకార్లు ప్రతి తరంలోనూ లేవడానికి ఈ లెక్కే మూలం.

ఏఎండీ 2022 డిసెంబరులో ఆ పని చేసి చూపించింది. ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌లో లెక్కలు చేసే డై ఒక్కటే 5 నానోమీటర్ల తయారీ పద్ధతిలో (దీన్నే ప్రాసెస్ అంటారు), సుమారు 300 చదరపు మిల్లీమీటర్లలో ఉంది. మెమరీ కంట్రోలర్లు, క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ) మాత్రం 6 నానోమీటర్లలో చేసిన ఆరు చిన్న డైలలోకి, ఒక్కోటి 37 చదరపు మిల్లీమీటర్ల చొప్పున వెళ్లాయి. క్యాష్‌ను పాత ప్రాసెస్‌లో ఉంచడం పిసినారితనం కాదు. ఒక బిట్‌ను దాచే ఎస్‌ర్యామ్ సెల్ తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల ఎన్5లో 0.021 చదరపు మైక్రాన్లు, 3 నానోమీటర్ల ఎన్3ఈలోనూ 0.021. ఈ మార్పులో లెక్కలు చేసే లాజిక్ చిన్నదైంది, మెమరీ సెల్ కాలేదు. ఖరీదైన కొత్త వేఫర్ మీద క్యాష్‌కు కేటాయించే ప్రతి మిల్లీమీటరుకూ ఎక్కువ డబ్బు కట్టి పాత సైజే కొనుక్కున్నట్టు. 3 నానోమీటర్లకు మారడంతోనే క్యాష్ రెట్టింపవుతుందన్న మాటను ఇందుకే అనుమానించాలి.

లోపమున్న డైలన్నీ చెత్తబుట్టలోకి పోవు. జీబీ202లో 192 ఎస్ఎంలు (కోర్ల గుంపులు) ఉన్నాయి, 5090లో పనిచేసేవి 170. అంతకుముందు 4090లోనూ 144కు 128 మాత్రమే తెరిచారు. పాడైన బ్లాకును ఫ్యూజుతో మూసేసి మిగతా చిప్పును అమ్ముతారు. అందుకని పెద్ద డై పూర్తి కోర్లతో గేమింగ్ కార్డులో మొదటి రోజే వస్తుందన్న పుకారుకు నేనైతే తక్కువ మార్కులే వేస్తాను. ఈ వడపోతలోనూ పొరపాట్లు జరుగుతాయి. 2025 ఫిబ్రవరిలో కొన్ని 5090 కార్డుల్లో పిక్సెళ్లను చివర్లో రాసే 176 ఆర్‌ఓపీలకు బదులు 168 కనిపించాయి. అలాంటివి అర శాతంలోపే ఉన్నాయని ఎన్విడియా ఒప్పుకుని మార్పిడికి ఏర్పాటు చేసింది.

మెమరీ పుకార్లను పరీక్షించడం మరీ తేలిక. గ్రాఫిక్స్ కార్డుల్లో వాడే జీడీడీఆర్ మెమరీ చిప్ ఒక్కోటి 32 బిట్ల దారి వాడుకుంటుంది. ఆ దారులన్నీ కలిపితే బస్. 192 బిట్ల బస్ ఉంటే చిప్పులు ఆరు. 2 జీబీవి పెడితే 12, కొత్త 3 జీబీవి పెడితే 18, బోర్డుకు రెండు వైపులా 2 జీబీవి అతికిస్తే 24. ఒకే సైజు చిప్పులతో 16 జీబీ ఎటు తిప్పినా రాదు. అందుకే 192 బిట్లు, 16 జీబీ అన్న జంట కనిపిస్తే రెండింటిలో ఒకటి తప్పనుకోండి. బ్యాండ్‌విడ్త్‌కు బస్‌ను పిన్ వేగంతో (ఒక్కో బిట్ దారిలో సెకనుకు వెళ్లే గిగాబిట్లతో) గుణించి 8తో భాగించాలి. 5090కి 512 బిట్లు, 28 గిగాబిట్లు, కాబట్టి సెకనుకు 1,792 గిగాబైట్లు. బస్‌ను ఇష్టమొచ్చినంత పెంచడమూ కుదరదు. మెమరీకి తీగలు వెళ్లే సర్క్యూట్లు డై అంచుల వెంబడే కూర్చోవాలి. చిన్న డైకి అంత అంచు ఉండదు.

ప్రాసెస్ పేరులోని నానోమీటర్లు చిప్పులో ఏ తీగ కొలతా కాదు. ఎన్విడియా వాడిన 4ఎన్ నిజానికి టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల కుటుంబానికి చెందినదే. 50 సిరీస్ 3 నానోమీటర్లలో వస్తుందన్న మాట చాలాకాలం తిరిగింది, చివరికి 40 సిరీస్ వాడిన 4ఎన్‌లోనే వచ్చింది. ప్రాసెస్ మారకపోతే అదనపు వేగంలో చాలా భాగం సిలికాన్ నుంచి, కరెంటు నుంచి రావాల్సిందే. 4090 డై 608 చదరపు మిల్లీమీటర్లు, 450 వాట్లు. 5090కి 750, 575 వాట్లు. అదే ప్రాసెస్, అదే కరెంటు, మామూలు గేముల్లో రెట్టింపు వేగం అనేవారు ఇంత తేడా ఎక్కడినుంచి తెస్తారో చెప్పరు.

క్యాలెండరు కూడా అబద్ధాలు పట్టిస్తుంది. డిజైన్ ఖరారయ్యాక (దీన్నే టేపౌట్ అంటారు) మాస్కులు (ఒక్కో పొర నమూనా ఉండే పలకలు) తయారుచేసి, పదుల కొద్దీ పొరలు ముద్రించి మొదటి సిలికాన్ బయటకు రావడానికే మూడు, నాలుగు నెలలు పడుతుంది. తప్పు పైనున్న లోహపు పొరల్లో దొరికితే కొన్ని మాస్కులు మార్చి, సగంలో ఆపి ఉంచిన వేఫర్లతో ముందుకు పోవచ్చు. అడుగున ట్రాన్సిస్టర్ల పొరలో ఉంటే మళ్లీ మొదటికే. బ్లాక్‌వెల్ డేటా సెంటర్ చిప్ ఆలస్యమవుతోందన్న పుకారు 2024 ఆగస్టులో వచ్చింది. దిగుబడి పెంచడానికి మాస్క్ మార్చామని అదే నెల చివర్లో ఎన్విడియా స్వయంగా ప్రకటించింది. ఇలాంటి ఆలస్యపు వార్తలు తయారీ తీరుకు సరిపోతాయి. టేపౌట్ ఇంకా కాలేదు, రెండు నెలల్లో దుకాణాల్లో అనేవి సరిపోవు.

డై సైజు, బస్ వెడల్పు, ప్రాసెస్ డిజైన్ దశలోనే స్థిరపడతాయి కనుక వాటి మీద వచ్చిన పాత లీకు కూడా పనికొస్తుంది. లినక్స్ డ్రైవర్లలో, ప్రోగ్రాములను చిప్ భాషలోకి మార్చే ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్‌లో కొత్త చిప్ పేర్లు చాలా ముందే చేరతాయి, అవి కంపెనీ ఇంజినీర్లు రాసినవి కాబట్టి గట్టివి. ఎన్ని కోర్లు తెరవాలి, క్లాక్ ఎంత, వాట్లు ఎన్ని అన్నవి ఆఖరి నెలల్లో కదులుతాయి. కోర్ల లెక్క విధానమే మారిన సందర్భమూ ఉంది. 2020లో 3090కి 5,248 కోర్లని లీకులు చెప్పాయి, ప్రకటనలో 10,496 వచ్చాయి. చిప్ అదే. ఒక్కో ఎస్ఎంలో దశాంశ లెక్కలు చేసే ఎఫ్‌పీ32 యూనిట్లు రెట్టింపైన సంగతి బయటివారికి తెలియలేదు.

అన్నిటికంటే ఆఖరున కుదిరేవి పేరు, ధర. 2022 సెప్టెంబరులో 899 డాలర్లకు ప్రకటించిన 12 జీబీ ఆర్‌టీఎక్స్ 4080ని అక్టోబరు 14న ఎన్విడియా వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో 799 డాలర్లకు 4070 టీఐగా అమ్మిన కార్డులో ఉన్నది అదే ఏడీ104 డై, అవే 7,680 కోర్లు, అదే 192 బిట్ల బస్.