అంగన్‌వాడీ గుమ్మంలో ఫోన్: యాభై ఏళ్ల నేపథ్యం

1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు మొదలయ్యాయి. రెండు నెలలకు, అక్టోబరు 2న, 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం ఆరంభమై, అంగన్‌వాడీ అన్న మాట మన ఊళ్లలోకి వచ్చింది. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు ప్రయత్నాలు వేర్వేరు దారుల్లో నడిచాయి. ఉపగ్రహ పాఠాలు 5 నుంచి 12 ఏళ్ల బడి పిల్లలవి కాగా, అంగన్‌వాడీకి వచ్చేది ఆరేళ్లలోపు పిల్లలు. ఏడాది గడువు ముగిసి 1976 జులై 31న ప్రసారాలు ఆగిపోయాయి. అయితే ఆ ప్రయోగంలో ఒక మంచి ఉంది: టీవీ ఊరందరిదీ, పిల్లలు దాన్ని కలిసి కూర్చుని చూశారు.

అంగన్‌వాడీ చదువుకు మొదటి నుంచీ పరికరాలు చింతగింజలు, రంగుల పూసలు, చేతులూపుతూ పాడే పాటలు. కానీ పూర్వ ప్రాథమిక విద్య ఐసీడీఎస్ ఆరు సేవల్లో ఒకటి మాత్రమే కావడంతో పోషకాహారం, టీకాలు, రిజిస్టర్ల తర్వాత మిగిలిన సమయమే దానికి దక్కేది. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

ఎందుకంటే 2018లో కేంద్రం పోషకాహార కార్యక్రమం పోషణ్ అభియాన్‌తో స్మార్ట్‌ఫోన్ టీచర్ల చేతికి వచ్చింది బోధనకు కాదు, లెక్కలకు. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక హాజరు, ఎత్తు, బరువు, రేషన్ అన్నీ అందులోనే నమోదవుతున్నాయి. నాలుగేళ్ల పాపను బరువు తూచి, అంకె నమోదు చేయడానికి సిగ్నల్ కోసం టీచరమ్మ గుమ్మం దాకా నడిస్తే, లోపల మొదలైన కథ సగంలో ఆగిపోతుంది. పిల్లల ఎదుగుదలను లెక్కించడం తప్పనిసరే, దాన్ని నేను కాదనను. ఆ పని కథ చెప్పే గొంతునే వాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కోవిడ్ కాలం ఈ చిన్నారుల స్థానాన్ని మరింత స్పష్టంగా చూపింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్లలో పాఠాలు మూడో తరగతి నుంచే మొదలయ్యాయి. అంతకు ముందు జులైలో వచ్చిన ఆన్‌లైన్ చదువుపై కేంద్ర ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు పూర్వ ప్రాథమిక స్థాయిలో రోజుకు 30 నిమిషాలకు మించకుండా తల్లిదండ్రులతోనే మాట్లాడాలని సూచించాయి. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు తెర సమయం గంట దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది కనుక ఆ జాగ్రత్త సబబే. కానీ ఫోన్‌లో వచ్చిన ఆటను బిడ్డతో ఆడించే తీరిక కూలికి వెళ్లే తల్లికి ఎక్కడిది?

ఆ తర్వాతి ఆలోచన కొంత నయం. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల వారికి ఆటనే చదువుగా నిలిపింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఆటవస్తువుల పెట్టె ‘జాదుయీ పిటారా’లో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల్లాంటివే ఉన్నాయి. దాని డిజిటల్ రూపం తర్వాత వచ్చింది. వరుస అలా ఉండటమే న్యాయం. అదే ఏడాది మేలో ప్రారంభమైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువూ) కార్యక్రమం అంగన్‌వాడీల్లో రోజుకు కనీసం రెండు గంటల పూర్వ ప్రాథమిక బోధన జరగాలంటోంది. ఆ రెండు గంటలూ, ట్రాకర్‌లో నమోదులూ ఇప్పటికీ ఒకే టీచరు మీద, ఒకే పూట పడుతున్నాయి.