గంజాయి వంగడాలు: అపోహలు - వాస్తవాలు

మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావాడు కెనడాలో మిర్చి మీద పరిశోధన చేస్తున్నాడు" అనే చెబుతుంది. గుంటూరులో ఉన్నన్నాళ్లూ అది నిజమే. ఇప్పుడు ఆంటారియోలో, ప్రభుత్వ లైసెన్సు ఉన్న గ్రీన్‌హౌస్‌లో గంజాయి వంగడాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఇక్కడ 2018 అక్టోబరు 17 నుంచి ఇది చట్టబద్ధమైన పంట. సంగతి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే జవాబులు ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: మందు మొక్క వేరు, మత్తు మొక్క వేరు.

మొక్క ఒకటే. ఆడపూల మీద మంచు పట్టినట్టు జిగురు నూగు ఉంటుంది. భూతద్దంలో చూస్తే తలకాయలున్న గుండుసూదులు వరసగా గుచ్చినట్టే. సరుకంతా తయారయ్యేది ఆ తలకాయల్లోనే. ముందు సీబీజీఏ అనే ముడిపదార్థం పుడుతుంది. దాన్ని ఒక ఎంజైమ్ టీహెచ్‌సీఏగా, ఇంకొకటి సీబీడీఏగా మారుస్తాయి. టీహెచ్‌సీఏకు వేడి తగిలితే మత్తిచ్చే టీహెచ్‌సీ అవుతుంది. సీబీడీఏ అలాగే సీబీడీ అవుతుంది, దానికి ఆ మత్తు లేదు.

నికరమైన టీహెచ్‌సీ మొక్కనూ సీబీడీ మొక్కనూ సంకరం చేస్తే మొదటి తరమంతా రెండూ కలిసి ఉంటాయి. ఆ తరాన్ని తమలో తాము కలిపితే, వంద మొక్కల్లో సుమారు పాతిక అటు, పాతిక ఇటు, యాభై మధ్యలో. బళ్లో చదువుకున్న మెండెల్ బఠానీల లెక్కే. మొలక దశలోనే ఆకు ముక్క డీఎన్‌ఏ పరీక్షకు పంపితే ఏది ఏ బాపతో తెలిసిపోతుంది. పూత దాకా ఆగక్కర్లేదు.

అలాగని ఏ గంజాయి కాల్చినా వైద్యమే అనుకోకండి. గంజాయితో చేసిన మందు సాటివెక్స్ స్ప్రేలో రెండు రకాల వంగడాల సారాన్ని కొలత ప్రకారం కలుపుతారు. తీవ్రమైన రెండు రకాల మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతించిన ఎపిడియోలెక్స్ అయితే శుద్ధి చేసిన సీబీడీ. మోతాదు తెలిసిన మందుకీ, పొగకీ పోలిక లేదు.

అపోహ: ఇండికా నిద్రపుచ్చుతుంది, సటైవా హుషారిస్తుంది.

గంజాయిని ఇండికా, సటైవా అని రెండు రకాలుగా అమ్మే దుకాణంవాళ్ల మాట ఇది. 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ భారతదేశం నుంచి వెళ్లిన నమూనాలు చూసి ఇండికా అని పేరు పెట్టాడు. ఇప్పుడు అమ్మే రకాలన్నీ తరతరాలుగా కలిసిపోయినవే. కెనడా పరిశోధకులు 2015లో జన్యువులు పోల్చి చూస్తే, లేబుల్ మీది మాటకూ లోపలి వంశానికీ సరిగ్గా పొంతన కుదరలేదు.

అపోహ: రెండు మంచి మొక్కల్ని కలిపితే కొత్త వంగడం వచ్చేసినట్టే.

మిర్చి నాకు నేర్పిన అలవాట్లు ఇక్కడ సగం పనికిరాలేదు. మిర్చి పూవు చాలావరకు తనలో తనే పరాగసంపర్కం చేసుకుంటుంది. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరు, పుప్పొడిని గాలి మోస్తుంది. విత్తనం వేస్తే తోబుట్టువులు ఒకదానికొకటి పోలిక ఉండవు. అన్నిటికంటే తలనొప్పి తండ్రి ఎంపిక. మగమొక్కకు ఆడపువ్వు ఉండదు కదా, మరి దాని గుణం ఎలా తెలుస్తుంది? కూతుళ్లని పెంచి, వాటి పూలు పరీక్ష చేయించి, అప్పుడు తండ్రికి మార్కులు వేయాలి. పదుల కొద్దీ పెంచి ఒకటో రెండో ఉంచుకుని మిగతావి పీకి పారేయడమే నా పనిలో ఎక్కువ భాగం.

కొన్ని ఆడమొక్కలు ఒత్తిడికి గురైతే మధ్యలో మగకేసరాలు కూడా వేస్తాయి. ఒకసారి ఆరో వారంలో మొగ్గల సందున చిన్న అరటిపళ్లలాంటి పసుపు కేసరాలు కనబడ్డాయి. "ఒక్క మొక్కేగా, మధ్యాహ్నం తీసేద్దాం" అనుకున్నాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. రెండు వారాలకి ఏ పువ్వు నలిపినా గోటికింద గింజ తగిలింది. గింజ పట్టిన పువ్వు సరుకుగా పనికిరాదు. గది మొత్తం పోయింది, తప్పు పూర్తిగా నాదే. గంజాయి వాడకంపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన 1893-94 నాటి హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదికలో, బెంగాల్ తోటల్లో మగమొక్కల్ని ఏరేసే 'గంజాయి డాక్టర్' ప్రస్తావన ఉంది. ఆయన ఉంటే నాకు గట్టిగానే తిట్లు పడేవి.

ఇంతా చేసి మంచి మొక్క దొరికాక దాన్ని కటింగ్స్‌తో పెంచుతాం. వంగడంగా హక్కులు కావాలంటే అది మిగతావాటికి భిన్నంగా, అన్నీ ఒకేలా, ఏళ్లు గడిచినా మారకుండా ఉందని చూపించాలి. ఆకర్షణీయమైన పేరు ఒక్కటే చాలదు.

అపోహ: టీహెచ్‌సీ శాతం ఎంత ఎక్కువైతే అంత గొప్ప వంగడం.

మా రంగానికి పట్టిన జబ్బు ఇదే. అమెరికాలో పట్టుబడిన సరుకులో 1995లో సగటున 4 శాతం ఉన్న టీహెచ్‌సీ 2014కి 12 శాతానికి చేరింది. ఘాటైన సరుకు రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ (భ్రమలు కలిగించే మానసిక జబ్బు) ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి, ముఖ్యంగా చిన్న వయసువాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అయినా కొనేవాళ్లు ముందు చూసేది డబ్బా మీది అంకెనే. మిర్చిని ఘాటు ఒక్కటే చూసి కొంటామా? రంగు, తొక్క మందం, తెగుళ్లకి తట్టుకోవడం, ఇవేవీ అక్కర్లేదా?

అపోహ: మన శీలావతి విత్తనం తెస్తే అక్కడ సులువుగా వంగడం చేసేయొచ్చు.

పోయిన సంక్రాంతికి ఊళ్లో ఒక బాబాయి నిజంగానే అడిగాడు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో తరాలుగా నిలిచిన రకం కాబట్టి బ్రీడర్‌గా నాకూ ఆసక్తే, కాదనను. కానీ మనదేశంలో అనుమతి లేకుండా గంజాయి సాగు చేస్తే 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద పదేళ్ల దాకా జైలు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికేశారు. అలాంటివి పరిశోధించే పని జమ్మూలోని సీఎస్ఐఆర్ ప్రభుత్వ పరిశోధన సంస్థలాంటి అనుమతి ఉన్నవాళ్లది. కెనడాలో చట్టబద్ధమే అయినా సరిహద్దు దాటిస్తే ఇక్కడా నేరమే. "మరి పచ్చడి సీసాలో పెడితే?" అన్నాడు బాబాయి. పిన్ని ఆ సీసా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.