అంటుకుందా, అంటించారా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో నిప్పు గురించి చెప్పడానికి రెండు మాటలున్నాయి. 'అంటుకుంది' అంటే దానంతట అదే. 'అంటించారు' అంటే ఎవరో చేసిన పని. ఒడియాలోనూ ఇలాంటి జంటే ఉంది: పోడిగలా, పోడిదేలే. పోలీస్ స్టేషన్లో తెలుగులో చెప్పింది ఒడియాలో రాసుకునేటప్పుడు ఆ క్రియ ఒక్కటి తారుమారైతే కేసే మారిపోతుంది. కేసు ఇలా మారడానికి మూలం 1860 నాటి చట్టంలో ఉంది.

ఆ ఏడాది వచ్చిన భారత శిక్షాస్మృతి నిప్పంటించే నేరాన్ని 'ఆర్సన్' అనలేదు, 'మిస్చీఫ్ బై ఫైర్' అంది. మిస్చీఫ్ అంటే మామూలు ఇంగ్లీషులో పిల్లల అల్లరి. చట్టంలో మాత్రం ఎదుటివాడికి నష్టం కలగాలని, లేదా కలుగుతుందని తెలిసీ ఆస్తిని పాడుచేయడం. హిందీలో దీన్ని 'రిష్టి' అన్నారు. మన పత్రికలు 'గృహదహనం' అని రాస్తాయి కానీ, కాలింది గడ్డివామైతే ఆ మాట ఎలా సరిపోతుంది?

చట్టం కూడా ఇంటినీ, గడ్డివామునీ వేరుగానే చూసింది. 2024 దాకా 435వ సెక్షన్ కింద మామూలు ఆస్తికి 100 రూపాయల నష్టం తలపెట్టి ఉండాల్సింది, పంటకైతే 10 రూపాయలు సరిపోయేవి. శిక్ష 7 ఏళ్ల దాకా, బెయిలు దొరికేది. మనుషులుండే ఇల్లు, గుడి, సరుకు దాచే కొట్టు తగలబెడితే 436. అది సెషన్స్ కోర్టు కేసు, యావజ్జీవం దాకా పడేది. అంటే కళ్లంలో వరికుప్పకు ఒక సెక్షన్, అదే ధాన్యం కొట్లోకి చేరాక ఇంకొకటి. కొండల మీద పోడు కోసం పెట్టిన నిప్పు అజాగ్రత్త వల్ల పక్కకు పాకితే ఈ రెండూ కావు, 285. దానికి 6 నెలల దాకానే పడేది.

ఇక రుజువు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా బరంపురం ఉన్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆ మద్రాసులో 1849లోనే కెమికల్ ఎగ్జామినర్ లాబొరేటరీ పెట్టారు. ఇప్పుడు లాబ్ రిపోర్టుల్లో తరచూ కనిపించే మాట 'యాక్సిలరెంట్', మంటను ఎగదోసే ద్రవం. ఊళ్లో "కిరసనాయిలు పోసేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లాబ్ అలా అనలేదు. బూడిదలో కిరసనాయిలు ఆనవాళ్లున్నాయని మాత్రమే చెప్పగలదు. స్టవ్వు, బుడ్డి ఉన్న ఇంట్లో అవి ఎలాగూ ఉంటాయి. పైగా శాంపిల్‌ని మామూలు పాలిథిన్ సంచిలో కడితే ఆవిరంతా దారిలోనే పోతుంది, గాలి చొరని డబ్బా కావాలి.

అద్దం నిండా సన్నటి పగుళ్లుంటే మంట చాలా వేగంగా లేచిందని, అంటే ఏదో పోశారని ఒకప్పుడు అమెరికాలో నిపుణులే సాక్ష్యం చెప్పేవారు. 1991లో ఓక్లాండ్ కొండల్లో కార్చిచ్చుకు కాలిన ఇళ్లలోనూ అవే పగుళ్లు కనిపించాయి. వేడెక్కిన అద్దం మీద నీళ్లు పడితే అలా అవుతుందని ఆ తర్వాత తేలింది. మంటలార్పే వాళ్లు పోసినవే ఆ నీళ్లు!

2024 జులై 1 నుంచి 435, 436 పోయి, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 326లోకి చేరాయి. 100, 10 రూపాయల లెక్కలు తీసేశారు. 7 ఏళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు అక్కడికి రావాలని దర్యాప్తు పద్ధతి చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. అమలు తేదీ ప్రకటించడానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువిచ్చింది. ఆ లెక్కన, అది అమలయ్యాక తగలబడ్డ గడ్డివాము దగ్గరికి కూడా వాళ్లు రావాల్సిందే.