బరాత్ గుర్రం కదలకుండా నిలబడితే

మే నెలలో ఓ సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బరాత్ ఆగింది. డీజే బాక్సులకు పది అడుగుల దూరంలో తెల్లగుర్రం, తళుకుల బట్ట కప్పుకుని కదలకుండా నిలబడింది. "ఎంత నెమ్మదిగ ఉన్నదో చూడుండ్రి" అన్నారెవరో. నేను దాని ముఖం చూశాను. చెవులు బిగుసుకుని వెనక్కి తిరిగాయి. రెప్పలు సగం వాలాయి. కంటి పైఎముక పొడుచుకొచ్చింది. దవడ కండ రాయిలా ఉంది. పెదవులు బిగించింది, ముక్కుపుటాలు లాగిపెట్టినట్టున్నాయి.

మృగాల వేటకు గురవుతూ బతికిన జాతి గుర్రానిది. నొప్పి బయటపెడితే ముందు దొరికిపోయేది తనే. అందుకే మూలగదు, ముఖంలోనే బయటపడుతుంది. 2014లో యూరప్ పరిశోధకులు, వృషణాలు తీసే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా గుర్రాల ముఖాలను పోల్చి, నేను పైన చెప్పిన ఈ ఆరు గుర్తులతోనే ఒక కొలమానం ప్రచురించారు. ఒక్కో గుర్తుకు 0, 1 లేదా 2 మార్కులు. మొత్తం 12కి ఎంత దగ్గరైతే అంత నొప్పి. అయితే ఒక్క చూపుతో తేల్చేయకూడదు. భయానికీ అలసటకీ కూడా ముఖం మారుతుంది. భుజం దగ్గర చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకోవాలి, లేకపోతే ఒంట్లో నీళ్లు తగ్గినట్టే. పక్కటెముకలు చేతికి తగలాలి గానీ కంటికి లెక్క తేలకూడదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది.

గుర్రం నడిపే ఆయన్ని అడిగాను, "అన్నా, ఏం పెట్టిండ్రు?" అని. "పొద్దుగాల ఉలవ గుగ్గిళ్లు తిన్నది. ఇగ ఇంటికి పోయినంకనే." ఆయన ప్రేమ లేనివాడు కాదు, ఆ గుర్రం మీదే ఆయన ఇల్లు గడుస్తుంది. కానీ గుర్రం కడుపులో మేత లేకున్నా యాసిడ్ ఊరుతూనే ఉంటుంది. గడ్డి నమిలినప్పుడు వచ్చే లాలాజలమే దానికి విరుగుడు. గంటల తరబడి నోరు ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి. దోసెడు గుగ్గిళ్లు ఎండుగడ్డి మోపుకు సాటిరావు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు మామూలు రోజునే పాతిక, ముప్పై లీటర్లు తాగుతుంది. మన ఎండల్లో అది చాలదు.

బాక్సులకు దూరంగా తీసుకెళ్లాం. ముక్కు మీది పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చేశాడాయన. ఎదురుగా ఉన్న హోటల్‌లో బకెట్ అడిగి తెచ్చాను. నీళ్ల చప్పుడు వినగానే ఒక చెవి ముందుకు తిరిగింది. రెండో బకెట్ సగమయ్యేసరికి రెండో చెవీ తిరిగింది.