గ్రిడ్ ఇంటర్‌సెక్షన్లకి డైమెన్షన్లు: అపోహలు, వాస్తవాలు (ఒక వైజాగ్ డ్రాఫ్ట్స్‌మన్ గోల)

మన వైజాగ్‌లో ప్లాన్లు గీసేవాళ్లకి ఒక తలనొప్పి ఎప్పుడూ ఉంటది. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా పోతుంది కదా, బీచ్ వైపు రోడ్లు చాలావరకు దాని వెంటే పోతాయి, మరి ఆ రోడ్ల మీద ప్లాట్లు దిక్కులకి సరిగ్గా ఎక్కడ కూర్చుంటాయి? ఓనరేమో గదులు దిక్కులకి నిక్కచ్చిగా ఉండాలంటాడు, ముందు వరస పిల్లర్లు మాత్రం రోడ్డు వెంట రావాలంటాడు. దాంతో 1, 2, 3 గ్రిడ్లు (పిల్లర్ల వరసలకి ప్లాన్‌లో గీసే గుర్తు గీతలు) ఒక లెక్కలో పోతుంటే ముందున్న 'ఏ' అనే గ్రిడ్ వాటిని ఏటవాలుగా కోస్తుంది. అలా కోసుకునే చోటే ఇంటర్‌సెక్షన్, 'ఏ' గ్రిడ్ 1ని కోసేచోటు ఏ-1. కింద చెప్పేవాటిలో సగం గొడవలు అక్కడే పుట్టాయి.

అపోహ: గ్రిడ్ల మధ్య 6000 (మిల్లీమీటర్లు) అని రాస్తే పిల్లర్ల మధ్య కూడా 6000 వచ్చేస్తుంది.

గ్రిడ్లు లంబంగా కోసుకుంటేనే వస్తుంది. రెవిట్‌లో (బిల్డింగ్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) అలైన్డ్ డైమెన్షన్ (కొలత వేసే టూల్) తీసుకుని 1ని, 2ని క్లిక్ చేస్తే అది చూపించేది ఆ రెండు సమాంతర గీతల మధ్య లంబదూరం, అంతే. 'ఏ' గ్రిడ్ లంబం నుంచి 15 డిగ్రీలు వాలి ఉందనుకోండి, దాని వెంట ఏ-1 నుంచి ఏ-2కి దూరం 6000ని కాస్ 15తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 6212. ఒక్క బేకే (పక్కపక్క పిల్లర్ల మధ్య ఖాళీకే) 212 మిల్లీమీటర్ల తేడా!

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, మధురవాడ వైపు ఒక సైట్లో పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. షీట్‌లో గ్రిడ్ల మధ్య 6000 అని నాలుగు బేలకి నీట్‌గా ఇచ్చేసి చేతులు దులుపుకున్నా. మేస్త్రి ఏం చేశాడంటే ముందు వరసకి దారం కట్టి, ఆ దారం మీదే టేపు పెట్టి ఆరేసి మీటర్లు కొలిచి ముగ్గు పోయించాడు, ఆయన తప్పేముంది, దారం ఉన్నచోటే కదా టేపు పెడతారు. అలా కొలిస్తే లంబంగా ఒక్కో బే 5796కి తగ్గిపోతుంది, నాలుగు బేలకి 818 మిల్లీమీటర్లు. అప్పటికి రెండు గోతులు తవ్వేశారు కూడా. ఫోన్ చేసి "ఏటి బాబూ ఇది, చివర్న రెండడుగుల ఎనిమిదంగుళాలు మిగిలిపోనాది" అన్నాడు, నేను ముందు ఆయన టేపునే అనుమానించా, అదొక సిగ్గు. అప్పట్నుంచి ఏటవాలు గ్రిడ్ ఉంటే రెండూ ఇస్తున్నా: గ్రిడ్ల మధ్య లంబదూరం ఒక వరస, ఇంటర్‌సెక్షన్ నుంచి ఇంటర్‌సెక్షన్‌కి ఆ గ్రిడ్ వెంట దూరం ఇంకో వరస, పక్కనే కోణం.

మరి ఆ రెండో వరస ఎలా ఇవ్వాలి అంటారా. పిల్లర్లని 'ఏ' గ్రిడ్‌కి తగ్గట్టు తిప్పి ఉంటే వాటి సెంటర్ రిఫరెన్సులు (నడిమి గీతలు) పట్టుకుని కొలవొచ్చు, 6212 వస్తుంది. తిప్పకపోతే 'ఏ' గ్రిడ్ మీద ఇంటర్‌సెక్షన్ నుంచి ఇంటర్‌సెక్షన్‌కి ఒక డీటెయిల్ లైన్ (ఆ ఒక్క వ్యూలోనే కనపడే మామూలు గీత) గీసి, ట్యాబ్ నొక్కుతూ దాని రెండు చివర్లు పట్టుకోండి. కానీ ఊరికే గీసి వదిలేసిన లైన్ గ్రిడ్ జరిపితే జరగదు, అక్కడే ఉండి పాత కొలత చూపిస్తూ కూర్చుంటుంది, రివిజన్ వచ్చినప్పుడల్లా చూసుకోవాలి. ఆటోక్యాడ్‌లో (ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) అయితే ఇంటర్‌సెక్షన్ స్నాప్ (కూడలి బిందువుని పట్టుకునే సెట్టింగ్) ఆన్ చేసి అలైన్డ్ వాడండి, లీనియర్ పెడితే అడ్డంగానో నిలువుగానో ఉన్న దూరమే ఇచ్చి మళ్లీ అదే 6000 చూపిస్తుంది.

అపోహ: రెండు గ్రిడ్ల మధ్య డైమెన్షన్ పడట్లేదంటే సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయినట్టు.

హ్యాంగూ లేదు ఏమీ లేదు, ఆ రెండూ సమాంతరంగా లేవు. సర్వే డ్రాయింగ్ లింక్ చేసి దాని గీతల్ని పిక్ చేసి గ్రిడ్లు వేస్తే ఇలాగే అవుతుంది, కంటికి తిన్నగానే ఉంటాయి గానీ ఏ 0.02 డిగ్రీలో తేడా ఉంటుంది. 20 మీటర్ల పొడవుకి అది 7 మిల్లీమీటర్లు. "స్లైట్లీ ఆఫ్ యాక్సిస్" (గీత కాస్త వాలింది) అని వార్నింగ్ వస్తే ఓకే కొట్టి పారిపోతాం కదా, దాని ఫలితమే ఇది. ఒక గ్రిడ్ సరిగ్గా వేసుకుని మిగతావి దాన్నుంచి కాపీనో ఆఫ్‌సెట్టో చెయ్యండి.

అపోహ: స్క్రీన్ మీద 6000 కనిపిస్తే అది 6000.

రౌండింగ్ 1 మిల్లీమీటర్‌కి ఉంటే 5999.6 కూడా 6000 గానే కనపడుతుంది. అలాంటివి పది బేలు ఉంటే విడివిడిగా అన్నీ 6000, మొత్తం డైమెన్షన్ మాత్రం 59996, ఇక చెకింగ్ చేసే ఇంజనీర్ ఎర్రపెన్ను తీస్తాడు. చెక్ చేసేటప్పుడు రౌండింగ్ 0.01కి మార్చి ఒకసారి చూసుకోండి. అలాగని షీట్‌లో దశాంశాలు వదలొద్దు బాబోయ్, ఐఎస్ 456:2000 (కాంక్రీటు పనికి మన దేశపు కోడ్) పిల్లర్, బీమ్ సైజులకే +12, -6 మిల్లీమీటర్ల తేడా ఒప్పుకుంటుంది, సైట్లో 6211.66 ఎవరు కొలుస్తారు? 6212 అని రాయండి.

ఇక నంబర్ మీద నంబర్ టైప్ చేసెయ్యడం. ఆటోక్యాడ్ ఒప్పుకుంటుంది, రెవిట్ ఒప్పుకోదు, డైమెన్షన్ మీద అంకె రాస్తే ఎర్రర్ ఇస్తుంది. కొందరు అంకెతో పాటు కనపడని క్యారెక్టర్ ఏదో పెట్టి దాన్నీ దాటేస్తారు. ఆ తెలివికి పెట్టే టైంలో గ్రిడ్‌ని జరిపెయ్యొచ్చు.

అపోహ: పిల్లర్ గ్రిడ్ల కూడలిలో కనిపిస్తోంది కాబట్టి అక్కడే ఉంది.

జూమ్ చేసి చూడ్డం దండగ. పిల్లర్ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో కాలమ్ లొకేషన్ మార్క్ చూడండి, సరిగ్గా ఉంటే ఏ-1 అని ఉంటుంది, జరిగి ఉంటే బ్రాకెట్‌లో ఎంత జరిగిందో కూడా వస్తుంది. పక్కనే మూవ్స్ విత్ గ్రిడ్స్ టిక్ ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే గ్రిడ్ వెళ్లిపోతుంది, పిల్లర్ పాతచోటే నిలబడుతుంది.

ఇంకొకటి, వరసగా బే తర్వాత బే కొలిస్తే టేపు జారిన ప్రతిసారీ తప్పు పోగవుతుంది. అందుకే రెవిట్‌లో డైమెన్షన్ టైప్‌ని కంటిన్యువస్ నుంచి ఆర్డినేట్‌కి మార్చి, ఏ-1ని సున్నా చేసి 6212, 12423, 18635, 24847 అని రన్నింగ్‌లో ఒక వరస కూడా ఇస్తున్నా. రెండో అంకె 12424 రాలేదేంటని అడక్కండి, మొత్తం కొలిచాక రౌండ్ చేసింది కాబట్టి అదే కరెక్టు. మా మేస్త్రి ఇప్పుడు ఆ వరస ఒక్కటే చూస్తాడు, ఏ-1 దగ్గర మేకు కొట్టి టేపు తగిలించి చివరిదాకా లాగేస్తాడు, మిగతా షీట్ మడతపెట్టి జేబులో పెట్టుకుంటాడు.